శనివారం దాకా బతికే గరిక

నేను చెప్పబోయేది ఒక మహాకావ్యం. కావ్యానికి కావాల్సినవన్నీ ఇందులో ఉన్నాయి. ఆకాశం కింద నిలబడి 'ఎందుకు' అని అడిగిన ఒక యువకుడున్నాడు. కాలంతో పందెం వేసుకున్న ఒక వృద్ధ వీరనారి ఉంది. నేలను చీల్చే ఆయుధాలున్నాయి. అభియోగం ఉంది, విచారణ ఉంది, నిండు సభలో సాక్ష్యం ఉంది. తీర్పు చెప్పడానికి ఎల్లారెడ్డి నుంచి వాహనం మీద తరలివచ్చిన న్యాయమూర్తి కూడా ఉన్నాడు.

సరే, ఒప్పుకుంటున్నాను. యువకుణ్ణి నేనే, డిగ్రీ రెండో సంవత్సరం. ఆయుధాలు పారలు, గడ్డపారలు. న్యాయమూర్తి వాహనం నాలుగు కిక్కులు కొడితే గానీ లేవని మోటార్ సైకిల్. సభ జరిగింది ఎండిపోయిన కుంటలో. అభియోగం గడ్డికి నీళ్లు పోయడం గురించి. మహాకావ్యం అనకపోతే మీరు ఇక్కడిదాకా వచ్చేవాళ్లు కాదు. ఎలాగూ వచ్చారు, కూర్చోండి.

2011లో నేను కామారెడ్డిలో డిగ్రీ చదువుతున్నాను. చదువుతున్నాను అనడం పెద్ద మాట, కామారెడ్డిలో ఉంటున్నాను. రైల్వే స్టేషన్‌కు ఇవతల ముగ్గురం కలిసి ఒక గది తీసుకున్నాం. ఆ ఏడాదంతా బందులు, సమ్మెలు, ర్యాలీలు. కాలేజీ తెరిచిన రోజుల కంటే మూసిన రోజులే నాకు బాగా గుర్తు. అట్లాంటి ఒక మూసిన రోజున, మా కిరోసిన్ స్టవ్వుకు ఒక కాలు పొట్టిగా ఉందని, దాని కింద పెట్టడానికి పాత పేపర్ల దుకాణం నుంచి ఒక పుస్తకం తెచ్చాను. అట్ట లేదు. రాసిందెవరో తెలియదు. ముప్పై మూడో పేజీతో మొదలవుతుంది. స్టవ్వు కింద పెట్టేముందు ఎందుకో తెరిచాను. అదే పొరపాటు.

ఆ పుస్తకం చెప్పేదేమిటంటే, మనిషి పుట్టినప్పటి నుంచి విశ్వాన్ని ఒకే ప్రశ్న అడుగుతుంటాడు, అది పలకదు. మనిషి అడగడం మానడు, అది పలకడం మొదలుపెట్టదు. ఈ సంగతిని నూటయాభై పేజీల్లో రకరకాలుగా చెప్పి, చివర్లో 'అయితే ఎట్లా బతకాలి' అని ఒక అధ్యాయం పేరు పెట్టారు. పేరు వరకే ఉంది. తర్వాతి పేజీలు ఏ మిర్చి బండి దగ్గర ఎవరి బజ్జీలకు చుట్టుకుపోయాయో. రోగం పేరు చెప్పి, మందు చీటీ రాయకుండా డాక్టరు లేచి వెళ్లిపోయినట్లయింది నా పని.

అయినా రోగం నాకు బాగానే పట్టింది. గడ్డం పెంచాను. అద్దంలో చూసుకున్నప్పుడు, ఇరవై ఏళ్ల కుర్రాడు కాక విశ్వం చేత మోసపోయిన ఒక పెద్దమనిషి కనిపించేవాడు. ఒక సాయంత్రం గదిలోని మిత్రులిద్దరినీ కూర్చోబెట్టి, దేనికీ అర్థం లేదని సవివరంగా చెప్పాను. ఇద్దరూ చివరిదాకా విన్నారు. తర్వాత ఒకడు, ఇవాళ బియ్యం కడిగే వంతు ఎవరిదని అడిగాడు. వంతు నాదే. అర్థం లేకున్నా వంతు ఉంటుందని రెండోవాడు తేల్చాడు. నేను లేచి బియ్యం కడిగాను. తత్వశాస్త్రంలో నా మొదటి ఓటమి అది.

2012 మార్చిలో జరగాల్సిన పరీక్షలు వెనక్కు జరిగాయి. గదిలో ఉండి చేసేదేమీ లేక బస్సెక్కి ఎల్లారెడ్డిలో దిగి, అక్కడి నుంచి నాగిరెడ్డిపేట వైపు వెళ్లే ఆటోలో మా ఊరు చేరాను. ఊరు అంటే అరవై ఇండ్లు, ఒక కిరాణా దుకాణం. నేను వెళ్లేసరికి బాపు మోటరు స్టార్టర్ డబ్బా విప్పి లోపల చేరిన చీమలను పాత టూత్ బ్రష్‌తో దులుపుతున్నాడు. పరీక్షలెప్పుడని అడిగాడు. నేను ఆ ప్రశ్నను దాటుకొని పెద్ద ప్రశ్నలోకి వెళ్లాను. చదువుకు గానీ, ఉద్యోగానికి గానీ, అసలు మనిషి చేసే ఏ పనికీ అర్థం లేదని చెప్పాను. బాపు చీమలు దులపడం ఆపలేదు.

"ఏ పనికి లేదంటవా?"

"ఏ పనికి లేదు బాపు."

"మంచిగైంది. కుంటకాడ హాజరు రాసేటోడు లేక మూడొద్దులాయె. ఆ పనికి గూడ అర్థం లేదు. సోమారం సంది పో."

అట్లా నేను ఉపాధి హామీ పనిలో మేటునయ్యాను. మేటు అంటే ఎవరొచ్చారో, ఎవరు రాలేదో కాగితం మీద రాసేవాడు. విశ్వం హాజరు పలకకపోయినా, మా ఊరివాళ్లు పలుకుతారు.

కుంట గురించి చెప్పాలి. మా కుంటకు ఎగువన ఒక పెద్ద రైతు పొలాలున్నాయి. ఎండాకాలం ముందు కుంటలో నీళ్లు ఇంకిపోగానే మేం పూడిక మట్టి తవ్వుతాం. అది బలమున్న మట్టి. కాబట్టి ఆయన ట్రాలీలు పెట్టి దాన్ని పొలానికి తోలుకుంటాడు. వానకాలం రాగానే వాన ఆ మట్టిని పొలం మీద నుంచి మెల్లగా కడిగి తిరిగి కుంటలోకి తెస్తుంది. నీళ్లు ఇంకుతాయి. మేం తవ్వుతాం. ఆయన తోలుకుంటాడు. పుస్తకం నూటయాభై పేజీల్లో తంటాలు పడి చెప్పిన సంగతిని మా కుంట ఏటా ఉచితంగా చెబుతోంది. ఈ మాట ఆ రైతుతోనే అన్నాను, ఏటా అదే మట్టి కదా పటేలా అని. అదే మట్టి గనకనే మంచిదని తెలుసు అన్నాడాయన, ట్రాలీ వైపు చూస్తూ.

ఇక కొలత. వారమంతా ఎంత తవ్వారో శనివారం నాడు ఎల్లారెడ్డి నుంచి సారు వచ్చి టేపుతో కొలుస్తాడు. అయితే తవ్విన మట్టి ట్రాలీల్లో వెళ్లిపోయింది. లేని మట్టిని ఎట్లా కొలవాలి? దానికొక పద్ధతుంది. ప్రతి గుంపూ తన వంతు నేల నడుమ ఒక్కచోట తవ్వకుండా వదిలేస్తుంది. చుట్టూ నేల దిగుతున్న కొద్దీ ఆ చోటు దిమ్మలాగా నిలబడిపోతుంది. దాని నెత్తి మీద ఎప్పటిదో గడ్డి అట్లాగే ఉండాలి, అసలు నేల అంత ఎత్తున ఉండేదనడానికి అదే గుర్తు. సారు దిమ్మ ఎత్తు కొలుస్తాడు, తవ్విన లోతు తేలుతుంది. కొలత అయ్యాక దిమ్మను కూడా తవ్వేసి ట్రాలీలో వేస్తారు.

అంటే ఆరు రోజులు చేసిన పనికి సాక్ష్యం చెప్పేది, పని చేయని చోటు. ఇది విన్నప్పుడు నాకు చాలా ఊరట కలిగింది. కామారెడ్డి గదిలో ఆరు నెలలుగా నేను పోషిస్తున్న పాత్ర అదే.

నా హాజరులో నాలుగు గుంపులున్నాయి. నాలుగో గుంపులో ఐదుగురు. పెద్ద నోరు ఒకామె, వరసకు నాకు వదిన. ఆమె భర్త, మాట్లాడడు, మాట్లాడే వంతు ఎప్పుడూ రాలేదేమో. ఇద్దరు అన్నదమ్ములు. ఐదో మనిషి ఒక అవ్వ, మా ఇంటికి నాలుగిండ్ల అవతల ఉంటుంది. ఎండిన తుమ్మకొమ్మలాంటి మనిషి. పార ఎత్తితే దించడానికి కాస్త సమయం పడుతుంది గానీ, దించిన చోట గీత గీసినట్లు తెగుతుంది. ఆమె తవ్విన అంచు మీద గోలీ పెడితే దొర్లదు.

సోమవారం పొద్దున హాజరు వేస్తుంటే అవ్వ నడుముకు దోపుకున్న పాలిథిన్ కవరు తీసి, అందులోంచి జాబు కార్డు తీసి నా ముందు పెట్టింది. ఎన్ని రోజులైనయో చదవమంది. తొంభై నాలుగు అన్నాను. మళ్లీ చదవమంది. మళ్లీ తొంభై నాలుగే వచ్చింది.

ఏడాదికి ఒక ఇంటికి నూరు రోజుల దాకా పని దొరుకుతుంది. ఆ లెక్క మార్చి ఆఖరుతో ముగుస్తుంది, ఏప్రిల్ ఒకటిన అందరూ మళ్లీ సున్నా నుంచి మొదలు. ఆ ఏడు మార్చి ఆఖరి రోజు సరిగ్గా శనివారం పడింది. సోమవారం నుంచి శనివారం దాకా ఆరు రోజులు. తొంభై నాలుగూ ఆరూ నూరు. అవ్వ ఈ లెక్క నాకంటే ముందే, నోటితోనే చేసుకొని ఉంది.

"నూరయితే ఏమొస్తది అవ్వా?"

"నూరయితది."

"అది గాదు. ఎవరన్న ఏమన్న ఇస్తరా?"

"ఎవరిస్తరు? ఇచ్చేటోళ్లుంటే ఇన్నేండ్లు ఆగుతురా?"

"మరెందుకు?"

"నీ డిగిరి ఎన్నేండ్లు?"

"మూడు."

"రెండున్నరకు ఇడిచిపెట్టు."

 నిజానికి నేను ఏడాదిన్నరకే విడిచిపెట్టే ఆలోచనలో ఉన్నాను, ఆ మాట బయటికి చెప్పలేదు.

తర్వాత మెల్లగా తెలిసిందేమిటంటే, అవ్వ జీవితంలో ఏదీ నిండే అలవాటు లేదు. బడి మూడో తరగతి నడుమ ఆగింది. ఇల్లు కిటికీల ఎత్తు దాకా లేచి ఆగితే, ఆ పైన రేకులు కప్పుకుంది. అందుకే ఆ ఇంట్లోకి ఎవరెళ్లినా వినయంగా వంగి వెళ్లాలి. ముసలోడు కూడా సగంలోనే పోయాడని, బస్సు దిగి వెళ్లినవాడి గురించి చెప్పినట్లు చెప్పింది. ఉపాధి పనిలో ఒక ఏడు డెబ్బై ఒకటి దగ్గర ఆగింది, మొన్నటేడు ఎనభై ఎనిమిది దగ్గర. ఈ ఏడు ఎట్లాగైనా నిండాలి. నూరును ఎట్లా రాస్తారో చూపించమంటే కుంట మట్టిలో పుల్లతో గీసి చూపించాను. ఒకటి, పక్కన రెండు సున్నాలు. చాలాసేపు చూసింది. సున్నాలే ఎక్కువున్నాయని నేను తాత్వికంగా అన్నాను. ఒకటి నిలబడ్డది గద అని ఆమె లేచి వెళ్లిపోయింది.

అసలు కథ సోమవారం మధ్యాహ్నమే మొదలైంది, అప్పుడు నాకు తెలియలేదు. అందరూ సద్ది తిని చేతులు కడుక్కుంటున్నారు. అవ్వ దగ్గర ఒక పాత కూల్ డ్రింక్ సీసా ఉంటుంది, తడిగుడ్డ చుట్టి తెచ్చుకుంటుంది. అందులో మిగిలిన నాలుగు గుక్కల నీళ్లు పట్టుకెళ్లి, తమ గుంపు దిమ్మ నెత్తి మీదున్న గరికకు పోసింది. గిన్నె కడిగిన నీళ్లు కూడా అక్కడే పోసింది. నేను పుస్తకంలో లేని పేజీ ఒకటి కళ్ల ముందు జరుగుతున్నట్లు దగ్గరికి వెళ్లాను.

"అవ్వా, శనారం సారు కొలిచినంక దీన్ని తవ్వి పారేస్తరు."

"ఎరుకే."

"మరి నీళ్లెందుకు?"

"శనారం దాంక బతుకుతది గద."

అంతే. ఆ మాటకు ముందూ లేదు, వెనకా లేదు. సీసా బోర్లించి, చివరి చుక్క కూడా దులిపి, పార అందుకుంది. నేను మాత్రం ఈ సంఘటనను ఊరంతా ప్రచారం చేశాను. దేశంలో ఇంత వ్యర్థమైన పని ఇంకోటి లేదని, దాన్ని కనిపెట్టింది మా ఊరేనని చెప్పుకున్నాను. వదినకు చెబితే ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఆమె గడ్డికి నీళ్లు పోస్తుంది. నువ్వు గడ్డం పెంచుతున్నవ్. రెండిట్ల ఏది ఎక్కువ పనికొస్తది మర్ది?"

మంగళవారం కూడా పోసింది. బుధవారం కూడా. గురువారం పొద్దున ఊళ్లో ఒక పుకారు లేచింది, శుక్రవారం బందుకు పిలుపిచ్చారని. కుంటలో పారలు ఆగిపోయాయి. అవ్వ నేరుగా నా దగ్గరికొచ్చింది.

"బందు బస్సులకే గద. కుంటకు గూడ ఉంటదా?"

ఉద్యమమంటే అన్నీ బందే అవ్వా, మన రాష్ట్రం కోసం కదా అని నేను కాస్త గంభీరంగా చెప్పాను. ఆమెకు రాష్ట్రం మీద వ్యతిరేకత ఏమీ లేదు.

"రానీ బిడ్డా, మంచిదే. శనారం దాటినంక రమ్మను."

పుకారు మధ్యాహ్నానికి చచ్చిపోయింది. బందు లేదని తెలియగానే అవ్వ సీసాలో నీళ్లన్నీ, తాగకుండా, గరికకే పోసింది. సంతోషానికి మొక్కు చెల్లించినట్లుంది ఆ పని. ఆ మధ్యాహ్నమంతా నా నీళ్లు తాగింది.

శనివారం పదింటికి సారు వచ్చాడు. పాతికేళ్లుంటాయి. తలకు తువ్వాలు, చేతిలో టేపు, జేబులో రెండు పెన్నులు. మంచి మనిషే, కానీ నిజాయితీగా పనిచేసేవాళ్లందరిలాగే కాస్త విసుగ్గా ఉంటాడు. మొదటి గుంపు దిమ్మ కొలిచాడు. గడ్డి ఎండి గోధుమరంగులో ఉంది. రాసుకున్నాడు. రెండోది, మూడోది అట్లాగే. నాలుగో గుంపు దగ్గరికి వచ్చి టేపు తీయకుండా నిలబడ్డాడు.

దిమ్మ నెత్తి మీద గరిక పచ్చగా ఉంది. పచ్చగా అంటే మామూలు పచ్చ కాదు. మార్చి ఆఖరున, ఎండిన కుంటలో, ఐదు రోజులు ముద్దుగా పెరిగిన పచ్చ. కొత్తగా రెండు చిగుళ్లు కూడా వేసింది. కుంట మొత్తం మీద దోషిలాగా కనిపిస్తున్నది అదొక్కటే.

"ఇది పెట్టిన దిమ్మ," అన్నాడు సారు.

ఏందని అడిగాం. ఆయన ఓపికగా వివరించాడు. కొన్ని ఊళ్లలో తెలివైనవాళ్లు దిమ్మ మీద ఇంకో జానెడు మట్టి వేసి, ఎక్కడి నుంచో గడ్డి పెల్ల తెచ్చి పైన కప్పుతారు. ఎత్తు పెరుగుతుంది, తవ్వకుండానే లోతు పెరుగుతుంది. తెచ్చిన గడ్డి వాడిపోతే దొరికిపోతారు గనక దానికి రోజూ నీళ్లు పోస్తారు. చుట్టూ అంతా ఎండి ఒక్క దిమ్మ పచ్చగా ఉందంటే సంగతి అదే. ఈ దిమ్మను కొలవను అన్నాడు. కొలత లేకపోతే ఆ గుంపుకు ఆ వారం లెక్కలో పడదు. వచ్చే వారం కొత్త లెక్క.

నేను అవ్వ ముఖం వైపు చూశాను. ఆమె దిమ్మ వైపు చూస్తోంది. పెదవులు మెల్లగా కదిలాయి. తొంభై నాలుగు దగ్గరికి తిరిగి వెళుతోందనుకుంటాను.

వదిన అందరినీ కాపాడాలనుకొని ముందుకొచ్చింది. "నీళ్లెవరు పోస్తరు సారూ, తాగనీకె లేవు," అంది. చాలా నమ్మకంగా చెప్పింది. ఆమె భర్త జీవితంలో మొదటిసారి అవును అన్నాడు. అన్నదమ్ములిద్దరూ తలలూపారు. అబద్ధం చక్కగా నిలబడింది. అప్పుడు అవ్వ నోరు తెరిచింది.

"నేనే పోసిన సారూ."

వదిన కళ్లు మూసుకుంది.

"ఎందుకు పోసినవ్ అవ్వా?"

"ఎండుతుండె."

"ఇయ్యాల తవ్వి పారేసేదానికి నీళ్లెందుకు?"

"ఎండుతుండె గద," అంది మళ్లీ, ఈసారి కొంచెం మెల్లగా, ఎదుటివాడికి చెవుడేమో అన్నట్లు.

సారు నవ్వలేదు. నాలుగేండ్ల నుంచి కొలుస్తున్నానని, లాభం లేకుండా దిమ్మకు నీళ్లు పోసినవాళ్లను ఒక్కరిని కూడా చూడలేదని చెప్పి, టేపు చుట్టడం మొదలుపెట్టాడు. ఆ టేపు చుట్టుకుంటున్న చప్పుడు వినగానే లేచి నిలబడ్డాను. దేనికీ విలువ లేదని ఆరు నెలలు గడ్డం పెంచినవాణ్ణి, నేనెందుకు లేచానో తెలియదు.

"నేను చూసిన సారూ. సోమారం సంది పోస్తుంది. పెట్టిన గడ్డి గాదు, ఆడ మొలిచిందే. అందరికి చెప్పి నవ్విన గూడ."

"మేటువు నువ్వే గద. చూసి ఎందుకు ఆపలె?"

"అర్థం లేని పని సార్. ఆపేటంత ముఖ్యమనుకోలె."

కుంటలో మొదటిసారి అందరూ నా వైపు చూశారు. నా గొంతు వణుకుతోందని నాకప్పుడు తెలిసింది. కామారెడ్డిలో విశ్వం గురించి గంటసేపు మాట్లాడినప్పుడు వణకని గొంతు, గుప్పెడు గరిక గురించి వణికింది. ఇది చాలా అవమానకరమైన విషయం. ఎవరికీ చెప్పొద్దు.

సారు ఇంకా ఆలోచిస్తుండగా అవ్వే తేల్చింది. "కోసి చూడు," అంది. సారుకు ఆ మాట నచ్చింది. పైన కప్పిన మట్టి అయితే లోపల అతుకు కనిపిస్తుంది, అసలు నేల అయితే కనిపించదు. వదిన పార ఎత్తింది. అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"కొలిచినంక కొయ్యి."

నిజమే. కోశాక కొలవడానికి ఏముంటుంది? విచారణలో ఉన్నవాళ్లలో బుర్ర పనిచేస్తున్నది నిందితురాలికే. సారు దిమ్మ ఎత్తు కొలిచి, అంకెను వేరే కాగితం మీద, ఇంకా ఖాయం కాదన్నట్లు మూలకు రాసుకున్నాడు. అప్పుడు వదిన ఒకే వేటుకు దిమ్మను నిలువునా చీల్చింది.

లోపల నల్లటి మట్టి, దాని కింద సన్నటి ఇసుక చార, మళ్లీ నల్లమట్టి, మళ్లీ చార. మూడు చారలున్నాయి. ఏటా కుంటలో ఒక్కో పక్క తవ్వుతారు, ఇక్కడ మూడేండ్ల కింద తవ్వినమని అవ్వ చెప్పింది. అంటే ఒక్కో చార ఒక్కో వానకాలం. పటేలు పొలం నుంచి మూడుసార్లు దిగివచ్చిన మట్టి మూడు వరసలుగా పడుకొని ఉంది. గరిక వేర్లు తెల్లగా, దారాల్లాగా, మూడు వరసలనూ దాటుకొని కిందికి దిగాయి. అతుకు ఎక్కడా లేదు. సారు గొంతుకూర్చొని ఒక వేరు పట్టుకొని లాగాడు. అది తెగింది గానీ ఊడి రాలేదు. చేతులు ప్యాంటుకు తుడుచుకొని, మూలన రాసిన అంకెను తీసుకెళ్లి అసలు కాగితంలో వేశాడు.

"మళ్లెప్పుడు పొయ్యకు అవ్వా."

"మళ్లేడిది సారూ, ఏడాది అయిపాయె."

మోటార్ సైకిల్ నాలుగో కిక్కుకు లేచింది. ఆయన వెళ్లిపోయాక చీలిన దిమ్మ రెండు ముక్కలుగా అక్కడే నిలబడి ఉంది, ఒక్కో ముక్క మీద సగం గరికతో. ఇప్పుడు దాన్ని తవ్వేయాలి, పద్ధతి అదే. పార అవ్వ చేతిలోనే ఉంది. ఏమైనా అంటుందేమో, కనీసం ఒక్క క్షణం ఆగుతుందేమో అని నేను పక్కనే నిలబడి చూశాను. నాకు ఆ ఘట్టం అవసరం. పుస్తకంలో పోయిన పేజీలు ఇక్కడ దొరుకుతాయనిపించింది. అవ్వ నాలుగు పోట్లలో దిమ్మను నేలకు కలిపి, గరికతో సహా మట్టిని గంపలోకి ఎత్తి, నా వైపు తిరిగింది.

"ఏం చూస్తున్నవ్? గంప ఎత్తు."

ఎత్తాను. బరువుగానే ఉంది. ట్రాలీలో పోసి వచ్చాను.

హాజరు ముగించి ఆమె కార్డులో ఆ వారం రాశాను, పక్కన మొత్తం వేశాను. ఒకటి, రెండు సున్నాలు. అవ్వ కార్డును ముఖానికి దగ్గరగా పెట్టుకొని చూసి, సున్నాలు చిన్నగా ఉన్నాయంది. అంకెలు పెద్దవి చేస్తే విలువ పెరగదు అవ్వా అన్నాను. విలువ సంగతి తనకు తెలుసునని, కనబడడం కోసమే చెబుతున్నానని అంది. సున్నాల మీద ఇంకోసారి పెన్ను తిప్పి లావు చేశాను. వదిన దూరం నుంచి, తనకు కూడా లావుగా రాయమని అరిచింది. వాళ్లింటిది నలభై మూడు.

ఆ శనివారం విశ్వం ఏమైనా పలికిందా అంటే, లేదు. నేను జాగ్రత్తగానే విన్నాను. ట్రాక్టరు చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. కాకపోతే, పలకని విశ్వం గురించి బాధపడడానికి ఆ రోజు నాకు తీరిక దొరకలేదు. సాయంత్రం వరకు హాజరు కాగితాలు సరిచేయడం, ఆ తర్వాత గడ్డం తీయించుకోవడం సరిపోయింది. గడ్డం తీయడానికి తాత్విక కారణమేమీ లేదు, ఎండకు దురద పెడుతోంది.

మే నెలలో పరీక్షలకు కామారెడ్డి వెళుతుంటే అవ్వ ఆటో దగ్గరికి వచ్చి పాలిథిన్ కవరు నా చేతిలో పెట్టింది. వానకాలం వస్తే రేకుల ఇంట్లో కార్డు తడుస్తుందట. పట్నంలో కాగితాలకు అద్దం లాగా ఏదో వేస్తారట కదా, అది వేయించుకు రమ్మంది. బస్టాండు దగ్గర జిరాక్స్ షాపులో ఇచ్చాను. షాపు అబ్బాయి సర్టిఫికెటా అని అడిగాడు. అవునన్నాను, నూటికి నూరని చెప్పాను. వాడు పిన్నులు తీసి, రోజులు రాసిన కాగితాన్ని విడదీసి, రెండు వైపులా మందంగా లామినేషన్ చేశాడు. పరీక్షలయ్యాక ఊరికి తెచ్చి ఇస్తే అవ్వ దాన్ని రెండు చేతులతో అందుకొని, ఎండలో అటూ ఇటూ తిప్పి, మెరుపు చూసి, గోడకు మేకు కొట్టి తగిలించింది. ఇంట్లోకి వంగి వెళ్లినవాడికి తల ఎత్తగానే కనిపించేది అదే.

జూన్‌లో వానలు రాకముందు కుంట పని మళ్లీ మొదలైంది. అవ్వ మేకు మీది కార్డు తీసుకొని మొదటి రోజే వచ్చింది. కొత్త ఏడాది రోజులు రాయాల్సిన గడులు కూడా అదే కాగితం మీద, కింది సగంలో ఉన్నాయి. లామినేషన్ మీద బాల్ పెన్ను పట్టదు. కొత్త కార్డుకు రెండు పాస్‌పోర్టు సైజు ఫొటోలు, రేషన్ కార్డు జిరాక్సు కావాలి.